గడువు దాటి వచ్చిన మాట

గురువమ్మ లెంక పారమ్మగారు, ఎవరేమి అడిగినా ఆ రోజే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అనేవారు. ఆ చూడటానికి ఒక్కోసారి నెల పట్టేది. అడిగినవాడు తన ప్రశ్నను తానే మరిచిపోయాక, ఏ చిక్కుడుకాయలకో ఈనెలు తీస్తూ "ఆ వేళ నువ్వడిగావు కదా" అని మొదలుపెట్టేవారు. ఆవిడ దగ్గర తత్వాలు నేర్చుకున్న మేము ముప్పై నలుగురం. ఈ అలవాటుకు అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడ్డవాడు బొడ్డేపల్లి తవిటినాయుడు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ప్రశ్న ఉంటే పక్కనే జవాబూ ఉండాలి ఆయనకు.

ఆ మాఘమాసంలో ఒక గురువారం సాయంత్రం ఆయన అడిగిన ప్రశ్న ఇది.

"అమ్మా, గడువు పెట్టి అందరినీ ఒక మాట అడిగాం. కొందరు పలకలేదు. పలకనివాళ్ళ కోసం పలికినవాళ్ళు ఎంతకాలం ఆగాలి?"

గురువమ్మ "చూద్దాం" అన్నారు. పలకనివాళ్ళెవరని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పాలి. మాకు ఏటా మాఘ పౌర్ణమి నాడు పాటల దినం. పొద్దున్నే నాగావళిలో మునిగి, తడిబట్టలతోనే ఒడ్డున రాతిమెట్ల రేవు దగ్గర కూర్చుని పొద్దువాలేదాకా పాడుకుంటాం. గురువమ్మ ముందు చరణం అందుకుంటారు, మేమందరం వంత పాడతాం. గురువమ్మగారి గురువు కాలం నుంచీ వస్తున్న పద్ధతి అది. ఆ యేడు గురువమ్మ గొంతుకు జబ్బు చేసింది. విశాఖపట్నంలో చూసిన డాక్టరు, ఇక పాడకూడదు, మాటలు కూడా తగ్గించాలి అని చెప్పారు. ఆవిడ "ఈ ఒక్క పాటల దినం పాడి మానేస్తాను" అన్నారు. దాంతో ఎక్కడెక్కడి వాళ్ళకూ ఈసారి తప్పకుండా రావాలనే ఆశ పుట్టింది.

చిక్కేమిటంటే పౌర్ణమి బుధవారం పడింది. మాలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు బుధవారం సెలవు దొరకదు. ఆదివారం అయితే బాగుండునన్నారు. ఆదివారం అయితే రేవులో జనం ఎక్కువ, అందుకని పాలకొండలో కల్యాణ మండపం మాట్లాడదామన్నారు. తవిటినాయుడు తన ఇష్టప్రకారం నిర్ణయించే మనిషి కాదు. మా అందరికీ ఫోన్లలో ఒక గ్రూపు ఉంది. మంగళవారం సాయంత్రం అందులో పోల్ పెట్టారు. "పున్నమి, వచ్చే బుధవారం, ఏటి ఒడ్డు" అని ఒక వరస, "ఈ ఆదివారం, కల్యాణ మండపం" అని ఒక వరస. ఎవరికి ఏది కావాలో దాని మీద నొక్కాలి. మండపం వాళ్ళు ఎక్కువ రోజులు ఆగలేమన్నారు కనుక మర్నాడు మధ్యాహ్నం పన్నెండు గంటలదాకా గడువు.

పంతొమ్మిది మంది ఆదివారమన్నారు. ఆరుగురు పున్నమి అన్నారు. తొమ్మిది మంది ఏమీ అనలేదు. ఆ పంతొమ్మిది మందిలో నేనూ ఉన్నాను. బస్సులో కూర్చుని నొక్కాను. కండక్టరు టికెట్ చింపి ఇచ్చేలోపల ఆ పని అయిపోయింది.

పన్నెండు దాటాక తవిటినాయుడు ఫలితం ప్రకటించారు. ఉత్త మాటల్లో చెప్తే బాగుండదని, అంచున తామరపువ్వులు, మధ్యలో గురువమ్మ ఫొటో, కింద రోజూ చోటూ ఉన్న అందమైన కార్డు ఒకటి చేయించి పెట్టారు. అందరం దండాలు పెట్టాం.

ఆదివారం పాట బాగా జరిగింది. మైకు, ఫ్యాన్లు, కుర్చీలు, అన్నీ ఉన్నాయి. గురువమ్మ పదకొండు తత్వాలు పాడారు. చివరి తత్వంలో గొంతు జీరబోయి తెగిపోయింది. తెగిన చోటునుంచి మేమందరం అందుకున్నాం. ఏడవనివాళ్ళు లేరు.

అయితే పాట ఎక్కడో పలచగా ఉందని నాకు రెండో తత్వంలోనే అనిపించింది. వంత అయిపోగానే గురువమ్మ ఒక్క క్షణం ఆగి, వెనక గుమ్మం వైపు చూశారు. తరవాత పాడుతూ పోయారు. ఆవిడ ఎవరి కోసం చూశారో నాకు ఇంటికి వచ్చాకగానీ తట్టలేదు. వెనక గుమ్మం దగ్గర కూర్చునే మనిషి ఆ రోజు రాలేదు. ఆమె ఆరిక సింగమ్మ.

సింగమ్మది సీతంపేట పైన కొండల్లో గుమ్మలగూడ. పన్నెండేళ్ళ కిందట కొండచీపుర్లు అమ్ముకోవడానికి దిగి, వీధిలో పోతూ పాట విని, చీపురుకట్టలు గురువమ్మ గుమ్మంలో దింపి అక్కడే కూర్చుండిపోయింది. ఆ రోజు ఒక్క చీపురు కూడా అమ్మలేదట. అప్పటినుంచీ వీలైనప్పుడల్లా వచ్చేది, మాకందరికీ అప్ప, అంటే అక్క, అయింది. పాటల దినానికి మాత్రం ఒక్క యేడూ తప్పలేదు. ఆమె గొంతు మగవాళ్ళ గొంతుకన్నా కిందుగా ఉంటుంది. ముందు చరణం ఎన్నడూ పాడలేదు. మేం పాడే వంతకు అడుగున నిలబడేది. ఉన్నప్పుడు ఆ గొంతు ఎవరికీ విడిగా వినపడదు. లేనప్పుడు మా గొంతులన్నీ నిలబడే చోటు లేక తేలిపోతాయి.

ఇక్కడినుంచి తవిటినాయుడు నాకు చెప్పినది.

ఆదివారం తరవాత గురువమ్మకు మాట పెగలలేదు. మంగళవారం సాయంత్రం ఆయన చూడబోతే, గుసగుసగా "రేపు పున్నమి. ఒకసారి ఏటికి తీసుకెళ్ళు" అన్నారు. చల్లగాలి పడదని ఆయన వారించబోయారు. ఆవిడ ఆయన వంక చూసి ఊరుకున్నారు. బుధవారం ఎండ కాస్త ఎక్కాక ఆటో మాట్లాడి తీసుకెళ్ళారు.

రాతిమెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది సింగమ్మ. పక్కన నాలుగు చీపురుకట్టలు, చిన్న పసుపుకొమ్ముల మూట ఉన్నాయి. ఆటో చూడగానే లేచి ఎదురొచ్చింది. గురువమ్మ కాళ్ళకు దండం పెట్టి, మొహమంతా నవ్వుతో అంది.

"నానే ముందొచ్చీసినానేటమ్మా? మిగతావోలు ఏరి?"

గురువమ్మ తవిటినాయుడి వైపు చూశారు. ఆ మాట తన నోటితోనే చెప్పమంటున్నారని ఆయనకు అర్థమైంది. ఇరవై యేళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడుతున్నాను, అంత కష్టమైన జవాబు ఎన్నడూ చెప్పలేదు అన్నారు నాతో.

"సింగమ్మప్పా, పాటల దినం ఆదివారమే అయిపోయింది."

"అయిపోనాదా?"

"అయిపోయింది. పాలకొండలో."

ఆమె రేవు వైపు చూసింది, మెట్ల వైపు చూసింది. జనం ఎక్కడో దాక్కుని ఉన్నారేమో అన్నట్టు చూసిందట. తరవాత నెమ్మదిగా అంది.

"మరి నాను నొక్కినాను గదా బావూ?"

ఏం జరిగిందో ఆమె చెప్పింది. గుమ్మలగూడలో ఫోనుకు సిగ్నలు గీతలు రావు. ఊరికి పైన మెట్ట ఉంది, దాని నెత్తిన ఒక బండ ఉంది, ఆ బండ మీద నిలబడితే వస్తాయి. ఎక్కడానికే గంట పడుతుంది. రోజూ ఎక్కే తీరిక ఆమెకు లేదు. సంతకు దిగే వారమే ఎక్కుతుంది.

"లచ్చివారం ఎక్కినాను. ఒకేపాలి గలగలా పడిపోనాయి, పువ్వులు, దండాలు, దేవుడి బొమ్మలు. నా సదువు మీకు తెలుసు గదా. ఆటిలో 'పున్నమి' అన్న మాట పోల్చినాను, 'ఏటి' అన్న మాట పోల్చినాను. దాని మీద నొక్కితే గుర్తు పడ్డాది. పడ్డాదంటే మీకు అందినట్టే గదా అనుకున్నాను."

"అప్పటికే కార్డు పెట్టాను అప్పా. రోజూ చోటూ అందులో ఉన్నాయి."

"అమ్మ బొమ్మ ఉన్నదా? అది తెరుసుకోనేదు బావూ. గుండ్రంగా తిరుగుతానే ఉన్నాది. శానాసేపు సూసినాను. బొమ్మే గదా, పున్నమికి అమ్మ మొకమే సూస్తాను గదా అని దిగిపోనాను."

తవిటినాయుడు అక్కడితో ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆ తరవాతి సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ ఆయన చెప్పేశారు. గురువారం మధ్యాహ్నం, బడిలో భోజనాల వేళ, ఆయన ఫోను మోగింది. పున్నమి పక్కన ఆరు కాస్తా ఏడు అయింది. కింద సింగమ్మ పేరు ఉంది. గడువు దాటి ఒక రోజు అయింది కదా అనుకున్నారు. ఏడు అయినా పంతొమ్మిదికి చాలా దూరం, ఏమీ మారదు అనుకున్నారు. వెంటనే ఒక్క ఫోను చేసి ఉంటే ఆమె ఇంకా బండ మీదే ఉండేది. సాయంత్రం సంత బస్సు కండక్టరుతో కబురంపినా అందేది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని అన్నం తిన్నారు. మనసులో మాత్రం ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఆ సాయంత్రమే వెళ్ళి గురువమ్మను ఆ ప్రశ్న అడిగారు, సింగమ్మ పేరు తీయకుండా.

"నీ గుర్తు నేను చూశాను అప్పా. చూసి ఊరుకున్నాను."

సింగమ్మ కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే తనకు తేలికయ్యేది అన్నారు తవిటినాయుడు. ఆమె చీపురుకట్టల తాడు సర్దుతూ తల వంచుకుని అంది.

"నాను గెలవడానికి నొక్కనేదు బావూ. వస్తన్నానని సెప్పడానికి నొక్కినాను."

గురువమ్మ మెట్టు మీద కూర్చుని పక్కన చెయ్యి ఆనించారు. సింగమ్మ వెళ్ళి అక్కడ కూర్చుంది. "అమ్మా, గొంతు?" అంది. గురువమ్మ తల అడ్డంగా ఊపారు. సింగమ్మ ఆవిడ మెడ వైపు చూస్తూ ఉండిపోయింది. వేలితో తాకబోయి, తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆదివారం అమ్మ ఏ తత్వాలు పాడినారు?" అని తవిటినాయుణ్ణి అడిగింది. ఆయన ఒక్కొక్కటే పేరు చెప్పారు. ఒక్కోదానికి ఆమె తల ఊపింది, ఊరిలోని అయినవాళ్ళ క్షేమం వింటున్నట్టు. ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది, పాటంతా తన ఫోనులో పట్టి ఉంచారు. ఆత్రంగా తీసి పెట్టారు. ఫ్యాన్ల హోరు, కుర్చీల చప్పుడు, వాటి వెనకనుంచి గురువమ్మ గొంతు సన్నగా వచ్చాయి. సింగమ్మ చెవి దగ్గరికి తెచ్చుకుని రెండు చరణాలు విన్నది. కళ్ళు మూసుకుంది. వంత వచ్చే చోట ఆమె పెదవులు కదిలాయిగానీ గొంతు రాలేదు.

"ఆపీండి బావూ. అమ్మ ఎదర కూకుని ఉండగా, డబ్బాలోది ఏటి ఇంటాం?"

ఆయన ఆపేశారు. అప్పుడు గురువమ్మ ఆమె మోకాలు మీద తట్టి, పెదవులతోనే అన్నారు.

"నువ్వు పాడు."

"నాను ముందు పాట ఎన్నడూ పాడనేదమ్మా."

గురువమ్మ మళ్ళీ మోకాలు తట్టారు.

సింగమ్మ గొంతు సవరించుకోవడానికే చాలాసేపు పట్టింది. తరవాత అందుకుంది.

"ఏ రేవున ఆగితివే ఎరుకా,
నా ఎదురుచూపు ఎరుగవా..."

చరణం అయ్యాక అలవాటు కొద్దీ ఆగింది, వంత కోసం. ముప్పై మూడు గొంతులు రావాలి అక్కడ. ఏటి చప్పుడు వచ్చింది. ఆ ఖాళీలో తవిటినాయుడు, ఎవరో వెనకనుంచి తోసినట్టు, వంత అందుకున్నారు. ఆయనది ఎత్తు గొంతు. కింద పట్టే గొంతు లేక వణికింది. అయినా విడవకుండా పాడారు. గురువమ్మ అరచేత్తో మెట్టు మీద తాళం వేశారు. అలా అయిదు తత్వాలు పాడారు. సింగమ్మ పాడుతున్నంతసేపూ గురువమ్మ పెదవులే చూస్తూ ఉందట, ఎప్పుడైనా ఒక్క మాట గొంతుగా మారకపోతుందా అని. మారలేదు.

లేచేటప్పుడు గురువమ్మ సింగమ్మ చెయ్యి పట్టుకుని గుసగుసగా ఒక మాట అన్నారు.

"ఆదివారమని నన్ను అడిగితే, సరే అన్నాను సింగమ్మా. నీకు తెలిసిందా అని నేనూ అడగలేదు."

"అలగనకండమ్మా" అంటూ సింగమ్మ పసుపుకొమ్ముల మూట ఆవిడ ఒళ్ళో పెట్టింది. సీతంపేట బస్సు ఎక్కించడానికి తవిటినాయుడు వెంట వెళ్ళారు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి "వచ్చే యేడు..." అని ఏదో అనబోయి ఆగిపోయింది. వచ్చే యేడు పాటల దినానికి గురువమ్మ పాట ఉండదని అప్పటికి గుర్తొచ్చి ఉంటుంది. తల లోపలికి తీసుకుంది.

ఆ తరవాత తవిటినాయుడు ఒక పని చేశారు. ఆ రోజు పలకని తొమ్మిదిమంది పేర్లు కాగితం మీద రాసుకుని, వాళ్ళు ఎందుకు పలకలేదో ఒక్కొక్కరినే కనుక్కున్నారు. ఇష్టం లేక ఊరుకున్నవాడు ఒక్కడే. ఒకామె ఫోను పొద్దున్నే కొడుకు పనికి పట్టుకుపోతాడు, చీకటి పడ్డాకగానీ ఇంటికి రాదు. ఒక పెద్దాయన ఫోను పాడై నాలుగు నెలలైంది. గ్రూపులో ఆయన పేరు ఉంది కనుక ఆయనా ఉన్నాడనే అనుకుంటున్నాం మేమందరం. ఇద్దరికి రీఛార్జి అయిపోయింది. మిగిలిన వాళ్ళవీ దాదాపు ఇలాంటివే. సింగమ్మ సంగతి సరేసరి.

చైత్రంలో మళ్ళీ అందరినీ ఒక మాట అడగవలసి వచ్చింది. గురువమ్మ పాడలేరు కనుక ఇక ముందు చరణం ఎవరు పాడాలి? ఒక్కరే పాడాలా, వంతులవారీగా అందరూ పాడాలా? ఇది మాకు చిన్న విషయం కాదు. తవిటినాయుడు ఈసారి పదిహేను రోజుల గడువు పెట్టారు. పువ్వులూ ఫొటోలూ లేకుండా నాలుగు ముక్కల్లో, పెద్ద అక్షరాల్లో రాశారు. అదే మాట పోస్టుకార్డుల మీద రాసి కొండ ఊళ్ళవాళ్ళకు సంత బస్సు కండక్టరుతో పంపారు. ఫోను ఎత్తగలిగినవాళ్ళకు తానే చేసి చదివి వినిపించారు. నొక్కలేనివాళ్ళు నోటితో చెప్తే రాసుకున్నారు.

గ్రూపులో చాలామంది విసుక్కున్నారు. ఇంత మాటకు పదిహేను రోజులా అన్నారు. మొదటి రోజే ఇరవై ముగ్గురు చెప్పేశాం కదా, ఇంకెవరి కోసం అన్నారు. ఆ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తవిటినాయుడు ఎవరితోనూ వాదించలేదు.

పదహారో రోజు సాయంత్రం ఆయన గురువమ్మ ఇంటికి వచ్చేటప్పటికి నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడకు కొంచెం మాట తిరిగి వచ్చింది. ఎండుటాకు మీద నడిచినట్టుండేది ఆ మాట. తవిటినాయుడు చేతిలో కాగితం పెట్టుకుని చాపమీద కూర్చున్నారు. మనిషి అలిసిపోయి ఉన్నాడు.

"అమ్మా, ముప్పై ఇద్దరు చెప్పారు. ఇంకా ఇద్దరు మిగిలారు. కబురు అందింది, జవాబు రాలేదు. వాళ్ళల్లో సింగమ్మప్ప ఒకరు. మెట్ట ఎక్కిందో లేదో, కండక్టరు కార్డు చేతికిచ్చాడో లేదో తెలియదు. ఇక్కడ అందరూ తొందరపడుతున్నారు. ఇంకా ఎంతకాలం ఆగమంటారు?"

వీధిలో ఎవరో సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు దూరమయ్యాక ఆవిడ తవిటినాయుడి వైపు తిరిగారు.

"ఆ వేళ మనం రేవుకు వెళ్ళేసరికి, ఏట్లో మునిగొచ్చిన సింగమ్మ చీర అంచులతో సహా ఆరిపోయి ఉంది నాయుడూ, అంతసేపూ ఆగింది మన కోసం. నువ్వు చూసి ఉండవు."